బాయ్స్ కంపెనీ బాలుడు: టి.కె. షణ్ముగం తొలి రంగస్థల జీవితం

తమిళ సంగీత నాటకరంగంలో ‘అవ్వై షణ్ముగం’గా ప్రసిద్ధులైన టి.కె. షణ్ముగం 1912 ఏప్రిల్ 26న తిరువనంతపురంలో జన్మించారు. ఆరేళ్ల వయసులో ముఖానికి రంగు పూసుకున్నారు. పదేళ్ల వయసులో గురువును పోగొట్టుకున్నారు. పదమూడో ఏట అన్నదమ్ములతో కలిసి సొంత నాటక సమాజంలో నిలబడ్డారు. ఈ మూడింటిలో నడుమ చెప్పిన ఘటన పుదుచ్చేరిలో జరిగింది. ఆయన గురువు, తమిళ నాటకరంగ పితామహుడిగా మన్ననలందుకొనే శంకరదాస్ స్వామిగళ్ 1922 నవంబర్ 13న ఆ పట్టణంలోనే కన్నుమూశారు. స్వామిగళ్ సమాధి నేటికీ పుదుచ్చేరి ఉత్తర భాగాన కరువడికుప్పంలో ఉంది. రంగస్థల కళాకారులు అక్కడికి వచ్చి నివాళులు అర్పిస్తుంటారు.

పుదుచ్చేరి పేటల పేర్లలోనూ ఆ నాటకాల కథల జాడ కనిపిస్తుంది. పట్టణానికి వాయవ్యంగా, నేటి ఉళవర్‌కరై పురపాలక సంఘ పరిధిలో ఉన్న కదిర్కామం పేరు వినగానే సుబ్రహ్మణ్య భక్తులకు శ్రీలంకలోని కదిర్కామ క్షేత్రం స్ఫురిస్తుంది. వళ్లీదేవిని కుమారస్వామి వరించిన స్థలం అదేనని ఆ ద్వీపవాసుల విశ్వాసం. ఆ వళ్లీ పరిణయ కథనే శంకరదాస్ స్వామిగళ్ ‘వళ్లి తిరుమణం’ పేరుతో సంగీత నాటకంగా మలిచారు. తమిళ పల్లెల జాతరల్లో రాత్రంతా సాగే నాటకాల్లో దానికి నేటికీ ఆదరణ తగ్గలేదు. కదిర్కామం వాసులకు నేడు ఆ పేట ప్రభుత్వ వైద్య కళాశాలతోనే ఎక్కువ పరిచయం. నూరేళ్ల కిందట మాత్రం ఫ్రెంచి పాలనలోని ఈ పట్టణం దక్షిణాది నాటక సమాజాలకు ఒక ముఖ్యమైన మజిలీ.

పెద్దలను వదిలి పిల్లల వద్దకు

పంతొమ్మిదో శతాబ్ది చివర తమిళనాట ‘స్పెషల్ నాటకం’ అనే పద్ధతి వ్యాపించింది. పేరున్న నటులను ఒక్కొక్క ఊరి నుంచి విడివిడిగా పిలిపించి, ఒక రాత్రికి ఒక నాటకం ఆడించడం దాని స్వరూపం. రాజు వేషధారి ఒక ఊరివాడు, రాణి వేషధారి మరో ఊరివాడు, హాస్యగాడు ఇంకో ఊరివాడు. కథ అందరికీ తెలిసినదే కనుక కలిసి సాధన చేయవలసిన అవసరం లేదని వారి ధీమా. దాని ఫలితం వేదిక మీద కనిపించేది. ఒకరు పాట మొదలుపెడితే మరొకరు పోటీ పాట అందుకునేవారు. కథ పక్కకు తొలగి, సంవాదం వాదులాటగా మారేది. తెలుగునాట పద్య నాటకాలు చూసి పెరిగినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఇద్దరు మేటి గాయక నటులు ఎదురుపడినప్పుడు పద్యానికి పద్యం, రాగానికి రాగం, ‘వన్స్ మోర్’కు వన్స్ మోర్ అన్నట్టు సాగిన రాత్రులు ఇక్కడా ఉన్నాయి.

శంకరదాస్ స్వామిగళ్ 1867లో తూత్తుకుడి సమీపంలోని కాట్టునాయక్కన్‌పట్టిలో జన్మించారు. తండ్రి తమిళ పండితుడు. స్వామిగళ్ కొంతకాలం లెక్కలు రాసే ఉద్యోగం చేసి, ఇరవై నాలుగేళ్ల ప్రాయంలో నాటకరంగంలో అడుగుపెట్టారు. యముడు, శనీశ్వరుడు, రావణుడు, హిరణ్యకశిపుడు వంటి ఉగ్ర పాత్రలు ఆయనకు పేరు తెచ్చాయి. ఆ వేషాల భీకరత్వం చూపరులకు ప్రాణాంతకంగా పరిణమించిందని, అందుకు మనసు విరిగి నటనకు స్వస్తి చెప్పారని నాటకలోకంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, నటుడిగా తప్పుకున్న తరువాత ఆయన రచయితగా, ఉపాధ్యాయుడిగా స్థిరపడ్డారు. ‘సత్యవాన్ సావిత్రి’, ‘కోవలన్’, ‘పవళక్కొడి’, ‘సతీ సులోచన’, ‘ప్రహ్లాదన్’ వంటి నాటకాలెన్నో ఆయన చేతి నుంచి వెలువడ్డాయి.

తాను రాసిన పాటను రాసినట్టు పాడే నటుడు ఆయనకు కావలసి వచ్చాడు. పేరుమోసిన పెద్దల్లో అటువంటి వాడు దొరకడం కష్టం. నేర్పినది నేర్పినట్టు అప్పజెప్పేది పిల్లలే. ఆ ఆలోచనతో ఆయన బాలుర సమాజాల వైపు మళ్లారు. 1910లో ‘సమరస సన్మార్గ నాటక సభ’కు, 1918లో మదురైలో ‘తత్త్వ మీనలోచని విద్వ బాల సభ’కు ఆయన ఆచార్యులయ్యారు. ఇటువంటి సమాజాలనే జనం ‘బాయ్స్ కంపెనీలు’ అన్నారు. మొదటి సభలో పెరిగిన ఎస్.జి. కిట్టప్ప తన గాత్రంతో దక్షిణాదిని, శ్రీలంకను ఉర్రూతలూగించి 1933లో ఇరవై ఏడేళ్లకే మరణించారు. రెండో సభలో చేరిన పిల్లల్లో షణ్ముగం ఒకరు.

తెలుగు సమాజాల మార్గం వేరు

తమిళ నాటకరంగ చరిత్రలో తెలుగువారికి ఒక ముఖ్యమైన పాత్ర ఉంది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి బళ్లారి ‘సరస వినోదినీ సభ’ 1891లో మద్రాసులో నాటకాలాడింది. వాటిని చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడాది ‘సుగుణ విలాస సభ’ను స్థాపించారు. చదువుకున్నవారు, ఉద్యోగులు వేదిక ఎక్కే సంప్రదాయం తమిళనాట అక్కడినుంచి బలపడింది. తంజావూరు సమీపంలోని మెలట్టూరులో తెలుగు యక్షగానాలతో సాగే భాగవత మేళాలు అంతకంటే పాతవి. నరసింహ జయంతికి ఆడే ‘ప్రహ్లాద చరిత్రము’లో ప్రహ్లాదుడు అక్కడా బాలుడే. కూచిపూడిలోనూ అంతే. గజ్జె కట్టిన పిల్లవాడు కుటుంబంలోని పెద్దల నడుమ అడుగు నేర్చుకుంటాడు.

కడప జిల్లాలో 1885లో ‘కీచక వధ’తో ఆరంభమైన సురభి నాటక సమాజం ఈ కుటుంబ పద్ధతికి మరింత ప్రసిద్ధమైన ఉదాహరణ. వనారస గోవిందరావు మొదలైనవారి ఆధ్వర్యంలో పెరిగిన ఆ సమాజంలో స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించారు. నిద్రలేచింది మొదలు పిల్లలు చూసేది తమ తల్లిదండ్రుల నాటకాన్నే. సురభి కమలాబాయి 1907లో, తల్లి దమయంతి వేషంలో ఉండగా, వేదిక మీదనే పుట్టారని ప్రతీతి. కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి బాల పాత్రలతో మొదలుపెట్టిన ఆమె తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయ్యారు. అందులో ప్రహ్లాదుడిగా నటించిన సింధూరి కృష్ణారావు కూడా బాలుడే.

బాయ్స్ కంపెనీ ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ తల్లి ఉండదు. స్త్రీలే ఉండరు. సీత, సావిత్రి, వళ్లి, సుభద్ర అందరూ గొంతు మారని మగపిల్లలే. ఇంటిని వదిలి వచ్చిన పిల్లవాడికి కంపెనీయే ఇల్లు. సురభి పిల్లవాడు నాటకంలో పుట్టాడు. బాయ్స్ కంపెనీ పిల్లవాడిని నాటకానికి అప్పగించారు. రెండు చోట్లా ప్రతిభ వికసించింది, రెండు చోట్లా కష్టం ఉంది. కానీ తనకు జ్వరం వస్తే నుదుట చెయ్యి వేసేవారు ఎవరు అన్న ప్రశ్న దగ్గర ఆ రెండు బాల్యాలూ వేరైపోతాయి.

ఒప్పందం, అన్నం, పాఠం

బాయ్స్ కంపెనీల్లో చేరిన పిల్లల్లో అత్యధికులు పేద ఇళ్లవారు. తండ్రి లేనివారు, తండ్రి ఉన్నా తిండి లేనివారు. కండిలో జన్మించి, తండ్రిని పోగొట్టుకుని కుంభకోణం చేరిన ఎం.జి. రామచంద్రన్ తన అన్న చక్రపాణితో కలిసి ‘మదురై ఒరిజినల్ బాయ్స్ కంపెనీ’లో చేరింది ఆకలి వల్లనే. శివాజీ గణేశన్ ఏడేళ్ల ప్రాయంలో మరో కంపెనీలో సీత వేషంతో రంగప్రవేశం చేశారు. పిల్లవాడిని నిర్ణీత కాలం కంపెనీలో ఉంచడానికి పెద్దలు ఒప్పుకోవడం, అందుకు బదులుగా కంపెనీ తిండి, బట్ట, పాఠం, కొద్దిపాటి జీతం సమకూర్చడం నాటి వాడుక. ఆ ఒప్పందంలో పిల్లవాడి ఇష్టానికి చోటు లేదు.

పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాలను చెల్లనివిగా ప్రకటించిన చట్టం బ్రిటిష్ ఇండియాలో 1933లో వచ్చింది. అదీ పదిహేనేళ్ల లోపు పిల్లలకే. న్యాయమైన కూలి ఇచ్చి, వారం నోటీసుతో రద్దు చేసుకోగల ఒప్పందాలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. షణ్ముగం చేరిన 1918 నాటికి అదీ లేదు. నేటి నిబంధనలతో పోల్చితే ఆ దూరం అర్థమవుతుంది. బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణను అనుసరించి 2017లో రూపొందిన నిబంధనల ప్రకారం, బాల కళాకారులు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయరాదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటరాదు. వరుసగా ఇరవై ఏడు రోజులకు మించి పని చేయించరాదు. సంపాదనలో కనీసం 20 శాతాన్ని పిల్లల పేరిటే బ్యాంకులో డిపాజిట్ చేయాలి. బాయ్స్ కంపెనీలో అయితే నాటకమే రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారుజాము దాకా సాగేది.

షణ్ముగం నేపథ్యం కొంత వేరు. తండ్రి టి.ఎస్. కన్నుస్వామి పిళ్ళై స్త్రీ పాత్రలకు పేరొందిన నటుడు. తన కుమారులను ఆయన స్వయంగా స్వామిగళ్ సభలో చేర్చారు. అన్నలు శంకరన్, ముత్తుస్వామి తోడుగా ఉండగా షణ్ముగం ప్రవేశించారు. తమ్ముడు భగవతి తరువాత వారితో కలిశారు. ఈ నలుగురే అనంతర కాలంలో ‘టి.కె.ఎస్. సోదరులు’. ఇల్లు విడిచిన పిల్లల నడుమ ఇంటివారితో ఉన్న పిల్లవాడు షణ్ముగం. తరువాతి సంవత్సరాల్లో ఆ తోడు ఎంత విలువైనదో తేలింది.

‘సత్యవాన్ సావిత్రి’లో నారదుడు ఆయన తొలి పాత్ర. ఆరేళ్ల పిల్లవాడికి నారదుడు తగిన వేషమే. చేతిలో వీణ, నోట పాట, దేవతల నడుమ తిరిగే చనువు, నవ్వు పుట్టించే మాట, అన్నీ ఉన్నాయి. అయితే సంగీత నాటకంలో నారదుడు వచ్చి కలహం పెట్టి పోయే పాత్ర మాత్రమే కాదు. కథ ఎటు సాగనుందో పాటలో ప్రేక్షకుడికి అందించే బాధ్యత ఆయనదే. శ్రుతి తప్పితే హార్మోనియం వాయించే వ్యక్తి కాపాడలేడు. మైకులు లేని కాలం. డేరా చివర నేల మీద కూర్చున్న మనిషికి కూడా ఆ చిన్న గొంతు వినబడాలి.

అందుకే కంపెనీ దినచర్య అంతా గొంతు చుట్టూ తిరిగేది. పొద్దున సాధకం, ఆపైన పాటలు, వచనం వల్లెవేయడం, మధ్యాహ్నం కొత్త నాటకపు అభ్యాసం. నడక, నిలబడే తీరు, చేతి కదలిక, లయకు తగ్గ అడుగు, కోలాటం, కుమ్మి వంటి ఆటపాటలు ఈ శిక్షణలోనే కలిసి ఉండేవి. నాట్యానికి వేరే గురువు, గానానికి వేరే గురువు అనే విభజన అక్కడ లేదు. వళ్లి వేషం వేసే పిల్లవాడు పాడుతూనే ఒడిసెల తిప్పి పిట్టలు తోలాలి. అడుగు, పాట, మాట ఒకే శ్వాసలో రావాలి. ఈ విద్య నేర్పేవారిని తమిళంలో ‘వాత్తియార్’ అంటారు, మన పంతులుగారి వంటి మాట. ఎం.జి.ఆర్.ను అభిమానులు తరువాత ఆ పేరుతోనే పిలుచుకున్నారు. కంపెనీ వాత్తియార్లలో బెత్తం పట్టనివారు అరుదు.

ఒక్క రాత్రిలో ఒక నాటకం

షణ్ముగం ప్రతిభను గుర్తించిన స్వామిగళ్ ఆయన కోసమే ‘అభిమన్యు సుందరి’ నాటకం రాశారు. సుమారు నాలుగు గంటలు సాగే ఆ నాటకాన్ని, వందకు పైగా పాటలతో సహా, ఒకే రాత్రి కూర్చుని కొట్టివేతలు లేకుండా పూర్తిచేశారన్నది తమిళ నాటకరంగంలో తరతరాలుగా చెప్పుకొనే విషయం. అభిమన్యుడి వేషం షణ్ముగానికి దక్కింది.

ఈ ఎంపికను కాస్త ఆగి చూడాలి. ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, ధ్రువుడు, కుశలవులు అందరూ బాలపాత్రలే. కానీ వారంతా పెద్దల కథలో పిల్లలు. కష్టాలు తండ్రివో తల్లివో, కన్నీరు పిల్లవాడిది. అభిమన్యుడి సంగతి అది కాదు. అతడు ప్రేమిస్తాడు, పెళ్లాడతాడు, యుద్ధానికి పోతాడు, పద్మవ్యూహంలో చిక్కి చనిపోతాడు. లోపలికి పోవడం తెలిసి బయటకు రావడం తెలియని వీరుడు. ఆ పాత్ర మొత్తాన్ని ఒక పిల్లవాడి భుజాల మీద ఉంచడమంటే, బాలనటుడిని ముద్దు మాటలకే పరిమితం చేయకుండా నాటకానికి నాయకుడిగా నిలబెట్టడం. పిల్లల సమాజంలో నాయకుడూ పిల్లవాడే కావడం సహజమే కదా అనిపించవచ్చు. అయినా అంతకు ముందు ఈ పిల్లలు ఎక్కువగా పెద్దల కోసం రాసిన పాత్రలనే అనుకరిస్తూ వచ్చారు. ఈ పాత్రను మాత్రం గురువు ఒక పిల్లవాడి గొంతు, శ్రుతి, ఊపిరి ఎంతో తెలుసుకుని కొలిచి రాశారు.

ఆ గురువు మాటే తరువాత మూగబోయింది. స్వామిగళ్‌కు పక్షవాతం సోకింది. వందల పాటలు కట్టిన మనిషికి మాట సరిగా రాలేదు, కాలు చెయ్యి స్వాధీనం తప్పాయి. అయినా ఆయన పిల్లలను విడిచిపోలేదు, కంపెనీతో పాటే ఊరూరా వెళ్లారు. వారు మాత్రం ప్రతి రాత్రి ఆయన పాటలే పాడుతూ వచ్చారు.

పుదుచ్చేరి మజిలీ

1922లో సమాజం పుదుచ్చేరికి చేరింది. మద్రాసు రాష్ట్రం నుంచి అక్కడికి రావడమంటే ఒక ప్రభుత్వం ఏలుబడి దాటి మరో ప్రభుత్వం ఏలుబడిలోకి అడుగుపెట్టడం. నాటకాలను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టిన 1876 నాటి బ్రిటిష్ చట్టం ఫ్రెంచి గడ్డ మీద చెల్లదు. కవి సుబ్రహ్మణ్య భారతి 1908 నుంచి పదేళ్లపాటు ఈ పట్టణంలో తలదాచుకున్నది కూడా ఆ సరిహద్దు రక్షణ కోసమే. తెలుగువారి యానాం అప్పటికి ఇదే ఫ్రెంచి ప్రభుత్వం కింద, ఇదే పుదుచ్చేరి రాజధానిగా ఉండేది.

నవంబర్ 13న స్వామిగళ్ కన్నుమూశారు. ఆయన వయసు యాభై అయిదు. కుటుంబం లేని సన్యాసి వంటి మనిషి కనుక దగ్గర ఉన్న ఆత్మీయులంతా సమాజంలోని వారే, వారిలో ఎక్కువమంది పిల్లలే. తమిళ నాటకానికి ఒక శాస్త్రీయమైన క్రమశిక్షణ తెచ్చిన వ్యక్తి, స్వగ్రామానికి దూరంగా, విదేశీ పాలనలోని ఒక పట్టణంలో, తాను అడుగు నేర్పిన పిల్లల నడుమ వెళ్లిపోయారు.

ఇటువంటి కంపెనీలో వాత్తియార్ మరణం ఉపాధ్యాయుడి మరణంతో ముగిసేది కాదు. నాటకం ఆయన తలలో ఉండేది. అచ్చయిన ప్రతులు తక్కువ. ఏ పాట ఏ వరసలో, ఏ మాట తరువాత ఎవరు ప్రవేశించాలి అన్నది పిల్లల జ్ఞాపకంలోకి చేరిన మేరకే మిగిలింది. పదేళ్ల షణ్ముగం ఆ జ్ఞాపకాన్ని మోసినవారిలో ఒకరు. స్వామిగళ్ గురించి మనకు తెలిసిన అనేక విషయాలకు ఆధారం ఆయన పెద్దయ్యాక రాసిన వ్యాసాలు, 1972లో వెలువడిన ఆత్మకథ ‘ఎనదు నాటక వాళ్క్కై’. ఒక యుగపు చరిత్రకు ఒక బాలనటుడి జ్ఞాపకశక్తి ఆకరం కావడం అరుదు.

గొంతు మారిన నాడు

బాయ్స్ కంపెనీ పిల్లలందరూ భయపడే రోజు ఒకటి ఉంది. పన్నెండు, పదమూడేళ్లు దాటాక గొంతు బొంగురుపోతుంది. నిన్నటిదాకా తారస్థాయిలో పలికిన స్వరం నేడు చీలిపోతుంది. దాన్ని తమిళ నాటకవర్గాలు ‘మకరక్కట్టు’ అన్నాయి. దానికి ప్రత్యేకంగా పేరు పెట్టుకోవలసి వచ్చిందంటేనే ఎందరి జీవితాలను అది మలుపు తిప్పిందో ఊహించవచ్చు. స్త్రీ వేషం పోతుంది. నాయక వేషానికి ఇంకా వయసు చాలదు. పాడలేని పిల్లవాడికి సంగీత నాటకంలో ఏం పని?

పి.యు. చిన్నప్ప ఉదంతం ఇందుకు సాక్ష్యం. ఆయనా కొంతకాలం తత్త్వ మీనలోచని సభలో ఉండి, పిమ్మట ఒరిజినల్ బాయ్స్ కంపెనీలో ప్రధాన నటుడయ్యారు. గొంతు మారగానే కంపెనీ విడిచిపెట్టారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు, కుస్తీ, కర్రసాము సాధన చేశారు. తరువాత సినిమాకు వచ్చి ‘ఉత్తమపుత్రన్’, ‘కణ్ణగి’ చిత్రాలతో అగ్రనటుడయ్యారు. అంతటి గాయకుడు నిలదొక్కుకున్నారు కనుక చరిత్రలో మిగిలారు. గొంతు తిరిగి కుదురుకోని పిల్లల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చదువు లేదు, మరో వృత్తి తెలియదు. కొందరు డేరాలు కట్టే పనికి, తెరలు లాగే పనికి మళ్లారు. కంపెనీ దృష్టిలో పిల్లవాడి విలువ అతడి స్వరపేటిక వయసుకు సమానం అనడం కఠినంగా వినిపించవచ్చు గాని, లెక్క అదే.

ఇక్కడే టి.కె.ఎస్. సోదరుల నిర్ణయం ప్రత్యేకంగా కనిపిస్తుంది. గొంతు మారే వయసు సమీపిస్తున్న వేళ, మరో యజమాని దయ కోసం ఎదురుచూడకుండా, 1925లో తిరువనంతపురంలో వారు ‘మదురై శ్రీ బాల షణ్ముగానంద సభ’ను ప్రారంభించారు. పెద్దన్న శంకరన్ నిర్వహణ చూసుకున్నారు. ముత్తుస్వామి, షణ్ముగం, భగవతి వేదికను మోశారు. సమాజం తమదే కనుక గొంతు మారినా వేషం మార్చుకుంటూ అందులోనే పెరిగే వీలు వారికి కలిగింది. తండ్రి నేర్పిన వృత్తి, అన్నదమ్ముల తోడు లేని పిల్లలకు అటువంటి దారి ఉండేది కాదు. ఒక విధంగా వారు బాయ్స్ కంపెనీని సురభి వంటి కుటుంబ సమాజంగా మార్చారని చెప్పవచ్చు.

పాటల నాటకం నుంచి మాటల నాటకానికి

ఆ సభలో చేరినవారిలో నాగర్‌కోయిల్ యువకుడు ఎన్.ఎస్. కృష్ణన్ ఒకరు. దక్షిణాది హాస్యానికి ఆయన ఎంతటి పేరు తెచ్చారో చెప్పనవసరం లేదు. ఉపాధ్యాయుడిగా వచ్చిన ఎం. కందస్వామి ముదలియార్ సోదరుల మార్గాన్ని మరో వైపు తిప్పారు. పురాణ కథల స్థానంలో నాటి ప్రజాదరణ పొందిన సాంఘిక నవలలను నాటకాలుగా మలిచారు. వడువూర్ దురైస్వామి అయ్యంగార్ నవల ‘మేనక’ వాటిలో ఒకటి. పాట తగ్గింది, సంభాషణ పెరిగింది. యువకుడైన షణ్ముగానికి అది సరిగ్గా సరిపడిన మార్పు. ఆయన గాయకుడిగా కంటే నటుడిగా ఎదగడానికి ఆ నాటకాలు దారి చూపాయి. 1935లో రాజా శాండో దర్శకత్వంలో ‘మేనక’ సినిమాగా వచ్చినప్పుడు సోదరులే అందులో నటించారు. తమిళంలో తొలినాటి సాంఘిక చిత్రాల్లో దానికి ప్రత్యేక స్థానం ఉంది.

సినిమా వచ్చి ఒక్కొక్క డేరానూ ఖాళీ చేయించిన దశాబ్దాల్లోనూ షణ్ముగం వేదికను వదలలేదు. 1940 దశకంలో ‘అవ్వైయార్’ నాటకంలో వృద్ధ కవయిత్రిగా ఆయన చూపిన నటన ఆయన పేరునే మార్చేసింది. స్త్రీ పాత్రల నటుడైన తండ్రి కుమారుడు, మగపిల్లలే సావిత్రులైన సమాజంలో పెరిగిన నటుడు, ముప్పై ఏళ్ల వయసులో ముదుసలి అవ్వగా వేదిక మీద నిలవడంలో ఆశ్చర్యం లేదు. కంపెనీలో నేర్చుకున్న నడక, నిలుపు, గొంతు అదుపు అప్పుడు అక్కరకు వచ్చాయి. 1955 నాటి ‘రాజరాజ చోళన్’ నాటకం తరువాత సినిమాగానూ రూపొందింది. సంగీత నాటక అకాడమీ పురస్కారం, పద్మశ్రీ ఆయనను వరించాయి. 1973 ఫిబ్రవరి 15న ఆయన మరణించారు.

మరణానికి దశాబ్దం ముందు ఆయన సమాజంలోకి ఒక పిల్లవాడు వచ్చాడు. ఆరేళ్లకే ‘కళత్తూర్ కణ్ణమ్మ’ సినిమాతో పేరు తెచ్చుకుని, ఆ వెలుగు తగ్గగానే ఏం చేయాలో తోచని దశలో ఉన్న కమల్ హాసన్. ‘అప్పావిన్ ఆశై’ వంటి నాటకాల్లో నటిస్తూ అతడు షణ్ముగం వద్ద నటన నేర్చుకున్నాడు. నాట్యం వేరే గురువుల వద్ద సాధన చేశాడు. తెర మీద ముద్దు పిల్లవాడిగా మొదలై, వయసు పెరిగే కొద్దీ అవకాశాలు మూసుకుపోయే ప్రమాదం సినిమా పిల్లలకూ ఉంది. వారికి మారేది గొంతు కాదు, ముఖం. ఆ సంధికాలంలో కమల్‌కు దొరికింది నాటక సమాజం. 1996లో ఆయన వృద్ధ స్త్రీ వేషంలో నటించిన సినిమాకు, అందులోని పాత్రకు తన గురువు పేరు పెట్టుకున్నారు. తమిళంలో అది ‘అవ్వై షణ్ముగి’. తెలుగు ప్రేక్షకులకు ‘భామనే సత్యభామనే’గా తెలిసిన చిత్రం అదే.